గ్రిప్పు నిండుగా ఉన్నా జారిన బండి: టైరు వయసు మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

బండి 150 సీసీ కమ్యూటర్ (రోజువారీ రాకపోకలకు వాడే రకం), 2013లో కొన్నది. స్పోక్ చక్రాలు, రెండింటికీ ట్యూబు టైర్లు. ముందు టైరు 2.75-18, లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోయగలదో చెప్పే కోడ్ సంఖ్య) 42. వెనకది 100/90-18, లోడ్ ఇండెక్స్ 56. ముందు డిస్క్ బ్రేకు, వెనక డ్రమ్ము. మీటరు మీద 18 వేల కిలోమీటర్లు కూడా లేవు. పదకొండేళ్ల బండికి హైదరాబాద్‌లో ఇది చాలా తక్కువ. రోజూ ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి వెళ్లొచ్చే బండి ఇంత దూరాన్ని ఏడాదిన్నర లోపే తిరిగేస్తుంది.

యజమాని రిటైరైన పెద్దమనిషి. 2019 చివరి నుంచి దాదాపు నాలుగేళ్లు బండి అపార్టుమెంటు సెల్లార్‌లోనే సైడు స్టాండు మీద ఉండిపోయింది. ఎప్పుడో ఒకసారి కిక్ కొట్టి ఇంజను ఆడించేవారు. చక్రాలు మాత్రం ఉన్న చోటు నుంచి కదల్లేదు, గాలి ఎవరూ చూడలేదు. 2024లో ఆయన కొడుకు ఉద్యోగానికి వెళ్లిరావడానికి బండి బయటికి తీశారు. కొత్త బ్యాటరీ వేశారు, ఇంజనాయిల్ మార్చారు, కార్బొరేటర్ శుభ్రం చేయించారు. టైర్లను కడిగి పాలిష్ రుద్దించారు. నల్లగా నిగనిగలాడాయి, గాళ్లు (గ్రిప్పు గీతలు) లోతుగా కనిపించాయి, అందుకే వాటి గురించి ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ కేసు రాయడానికి కారణం అదే. అరిగిపోయిన టైరును చూస్తే ఎవరైనా 'గుండైంది, మార్చెయ్' అంటారు. అరగకుండా ముసలిదైన టైరు ఎవరి కంటా పడదు. ఎక్కువ తిరగని బండి, అంటే జాగ్రత్తగా దాచుకున్న బండి, సరిగ్గా ఈ ప్రమాదంలోనే ఉంటుంది.

వచ్చిన సమస్య

వానాకాలం మొదలయ్యాక, జూలైలో బండి మా గ్యారేజీకి వచ్చింది. అబ్బాయి చెప్పినవి మూడు. తడి రోడ్డు మీద ముందు బ్రేకు కొంచెం గట్టిగా పట్టగానే ముందు చక్రం జారుతోంది. ఫ్లైఓవర్ల మీద ఇనుప జాయింట్లు దాటేటప్పుడు మరీ భయంగా ఉంటోంది. 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ వదిలితే హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతోంది. ముందు చక్రంలో గాలి వారానికి 8 నుంచి 10 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా దిగిపోతోంది.

మూడూ వేర్వేరు ఫిర్యాదుల్లా వినిపిస్తాయి. అంతకుముందు చూసినవాళ్లు వేర్వేరుగానే చూశారు, వేర్వేరుగానే మందు వేశారు. మేము మొదట వేసుకున్న ప్రశ్న: ఈ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న భాగం ఏది? మూడూ ముందు చక్రం దగ్గరే కలుస్తున్నాయి. కాబట్టి ఇంజను, చైను జోలికి వెళ్లకుండా చక్రం నుంచే మొదలుపెట్టాం.

అప్పటికే చేసినవి, అవి ఎందుకు ఫలించలేదు

గాలి దిగుతోంది కాబట్టి మొదట గాలి ఎక్కువ కొట్టించారు. బండి మాన్యువల్ ముందు చక్రానికి 25 పీఎస్‌ఐ చెబితే, 'ఎలాగూ దిగుతుంది' అని 38 నుంచి 40 దాకా నింపేవారు. ఇది చాలా మంది చేసే పనే, కానీ ఈ బండి విషయంలో ఇది జారడాన్ని పెంచింది. గాలి ఎక్కువైతే టైరు నేలకు ఆనే జాగా తగ్గుతుంది. రబ్బరు ఇప్పటికే గట్టిపడి ఉంటే, ఉన్న కాస్త పట్టు కూడా పోతుంది. పైగా ఎండలో తిరిగొచ్చిన టైరులో గాలి చూసి లెక్క వేసుకునేవారు. టైరు వేడి సుమారు 5, 6 డిగ్రీలు పెరిగితే ప్రెషర్ దాదాపు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. బంకులో సాయంత్రం చూసిన అంకెకు, పొద్దున సెల్లార్‌లో చూసిన అంకెకు మూడు నాలుగు పాయింట్ల తేడా వస్తే ట్యూబు లీకని అనుకోకూడదు. గాలి ఎప్పుడూ చల్లని టైరులోనే చూడాలి.

తరువాత ముందు ట్యూబు మార్చారు. నెలలోపే మళ్లీ గాలి దిగడం మొదలైంది. రెండో ట్యూబు కూడా నాసిరకమని అనుకున్నారు. అది ట్యూబు తప్పు కాదని విప్పాక తెలిసింది. ఆ సంగతి కింద వస్తుంది.

హ్యాండిల్ ఊగుతోందని కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగుల జత) బిగించారు. అనుమానం సబబైనదే, ఎందుకంటే హ్యాండిల్ బేరింగులు వదులైతే సరిగ్గా ఆ వేగంలోనే ఊపు వస్తుంది. కానీ బండిని చక్రం పైకి లేచేలా నిలిపి, ఫోర్కులను కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూస్తే వదులు ఉందో లేదో తెలుస్తుంది. ఆ పరీక్ష లేకుండా బిగించినట్టుంది. హ్యాండిల్ తిప్పుతుంటే మధ్యలో పట్టేస్తోంది. ఎక్కువ బిగిస్తే ఊపు తగ్గినట్టే ఉంటుంది, కానీ తక్కువ వేగంలో బండి తనంతట తాను సర్దుకోలేక చక్కగా పోదు. ఫోర్కు ఆయిలు కూడా మార్చారు. దాని వల్ల నష్టం లేదు, ప్రయోజనమూ లేదు.

ఇన్ని చేతులు మారినా టైరు మీద తారీఖు ఎవరూ చదవలేదు.

మా పరిశీలన

మొదట రెండు టైర్లనూ సబ్బు నీళ్లతో, బ్రష్షుతో రుద్ది కడిగి ఆరబెట్టాం. పాలిష్ ఉన్నంత సేపు పగుళ్లు కనిపించవు. ఆ జిడ్డు సన్నటి బీటల్లోకి దిగి వాటిని నల్లగా పూడ్చేస్తుంది. కడిగాక ముందు టైరు రంగు బూడిదగా తేలింది.

తారీఖు చదవడం. టైరు పక్క గోడ మీద, ఎక్కువగా ఒక్క వైపునే, నాలుగు అంకెలు ఉంటాయి. చాలా టైర్లలో అవి చిన్న కోడిగుడ్డు ఆకారపు గీతలో ఉంటాయి. కొన్నింటిలో డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర వస్తాయి. మొదటి రెండు అంకెలు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. ముందు టైరు మీద 2213 ఉంది, అంటే 2013లో 22వ వారం, సుమారు మే చివర. బండితో వచ్చిన టైరే. వెనక టైరు మీద 3817, అంటే 2017 సెప్టెంబరు. మధ్యలో ఒకసారి మార్చారన్నమాట. వెనక అంకెలు చైను వైపు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చేయి) చాటున పడ్డాయి. టార్చి పెట్టి చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే గానీ దొరకలేదు.

ఇక్కడ పొరపాటు పడటం తేలిక. టైరు మీద అచ్చు నంబర్లు, సైజు, బరువు అంకెలు ఇంకా చాలా ఉంటాయి. నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ 53 దాటితే అది తారీఖు కాదు, ఏడాదికి అన్ని వారాలు లేవు. 2000కు ముందు టైర్లపై మూడే అంకెలు ఉండేవి. పాత బండ్లను పునరుద్ధరించేవాళ్లకు ఇప్పటికీ అలాంటివి తగులుతుంటాయి, అవి రోడ్డు మీద తిరిగే బండికి ఎక్కించదగినవి కావు.

గాళ్ల లోతు. ముందు టైరు మధ్యలో 3 మి.మీ. పైన, వెనకది మూడున్నర మి.మీ. రెండు చక్రాల బండ్లకు కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు పెట్టిన కనీస లోతు 0.8 మి.మీ. ఆ లెక్కన రెండూ దర్జాగా పాసయ్యాయి. టీడబ్ల్యూఐ (అరుగుదల హద్దు గుర్తు) అని రాసి ఉన్న చోట గాడిలో ఉండే చిన్న గట్టు కూడా ఇంకా చాలా కింద ఉంది. లోతు ఒక్కటే చూసేవారు ఇక్కడే ఆగిపోతారు. లోతు చెప్పేది టైరు ఎంత దూరం తిరిగిందో. ఎన్నాళ్లు బతికిందో అది చెప్పదు.

పగుళ్లు. గాలి సగానికి తగ్గించి, పక్క గోడను రెండు బొటనవేళ్లతో నొక్కి వంచుతూ చక్రమంతా చూశాం. గోడ వంగినప్పుడే బీటలు తెరుచుకుంటాయి. ముందు టైరు గాళ్ల అడుగున వరుసగా పగుళ్లు ఉన్నాయి. కొన్నింట్లో గోరు దిగుతోంది. పక్క గోడ మీద ఒక జానెడు మేర మాత్రం మిగతా చోట్ల కంటే దట్టంగా ఉన్నాయి. నాలుగేళ్లు నేలకు ఆనుకుని, గాలి లేక చప్పబడి ఉన్నది ఆ జానెడే.

ఇలా ఒక్క చోటే ఎందుకు ఎక్కువగా పగులుతుందో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. గాలిలోని ఓజోన్ సాగి ఉన్న రబ్బరునే కొరుకుతుంది. సాగని రబ్బరు మీద దాని దెబ్బ అంతగా ఉండదు. చప్పబడిన టైరులో వంగిన భాగం రాత్రీ పగలూ సాగే ఉంటుంది. దీన్ని తట్టుకోవడానికే టైరు రబ్బరులో మైనం, ఓజోన్ నిరోధక రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ నలుగుతుంటే అవి లోపలి నుంచి పైకి ఊరి ఒక పొరలా నిలుస్తాయి. నిలబడిపోయిన టైరులో ఆ ఊట సరిగా జరగదు, పైన ఉన్న పొర పోతే కొత్త పొర రాదు. రోజూ తిరిగే టైరు కంటే కదలని టైరు తొందరగా బీటలు వారడానికి కారణం ఇదే. దీనితో పాటు ఆక్సిజన్, వేడి కలిసి రబ్బరును లోలోపల గట్టిపరుస్తుంటాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో ఈ పని ఇంకా వేగంగా సాగుతుంది. సొరుగులో ఏళ్ల తరబడి పడి ఉన్న రబ్బరు బ్యాండు లాగగానే తెగినట్టే ఇదీ.

సెల్లార్ నేల మీద పాత ఇంజనాయిల్ మరకలు కూడా ఉన్నాయని అబ్బాయి చెప్పాడు. పెట్రోలు, డీజిలు, ఆయిలు, గ్రీజు అన్నీ రబ్బరును ఉబ్బించి మెత్తబరిచి పాడుచేస్తాయి. ఈ బండి టైరుకు ఆ ఉబ్బు గుర్తులు లేవు. ఉంటే ఆ చోట రబ్బరు జిగటగా, గోటితో గీస్తే ఊడేలా ఉండేది.

గట్టిదనం. షోర్ ఏ గేజీతో (రబ్బరు గట్టిదనం కొలిచేది, అంకె పెరిగితే గట్టిదనం ఎక్కువ) నీడలో, రెండు చక్రాలూ ఒకే వేడిలో ఉన్నప్పుడు, గాళ్ల మధ్య దిమ్మెల మీద చూశాం. పోలికకు మా దగ్గర అదే కోవకు చెందిన కొత్త కమ్యూటర్ టైరు ఉంచుకున్నాం. కొత్తది 62 చూపింది. వెనకది 74, ముందుది 81. ఈ గేజీ అంకెను ఒంటరిగా నమ్మకూడదు; ఎండలో పెట్టిన టైరు మెత్తగా చూపుతుంది, పలుచని రబ్బరు కింద ఉన్న గుడ్డ పొర గట్టిగా చూపుతుంది. పక్కన కొత్త టైరు పెట్టుకుని చూస్తేనే అర్థం ఉంటుంది. 81 అంటే రోడ్డు మీది సన్నటి గరుకులోకి రబ్బరు ఒదగదు. ఎండిన రోడ్డు మీద ఆ లోపం అంతగా తెలియదు. తడి పడితే నీటి పొరను చీల్చుకుని కంకరను పట్టుకోవలసింది ఆ ఒదుగుదలే. తొలకరికి రోడ్డు మీది ఆయిలు, దుమ్ము కలిసి పైకి తేలిన రోజుల్లో అబ్బాయి ఎందుకు జారాడో ఇది చెప్పింది.

కారణం ఇదేనని తేల్చుకోవడం

ముందు టైరు మార్చాలన్నది ఈపాటికి ఖాయం. కానీ హ్యాండిల్ ఊపుకు కూడా టైరే కారణమా, లేక ఫోర్కులో, బేరింగులో ఇంకేమైనా ఉందా? ఊహించి ఖర్చు పెట్టించడం మాకు ఇష్టం లేదు. అదే మోడల్ బండి ఒకటి సర్వీసులో ఉంటే, ఆ యజమానిని అడిగి దాని ముందు చక్రాన్ని ఇందులో వేశాం. కోన్‌సెట్ వదిలి, వదులూ పట్టూ లేకుండా సరిగ్గా బిగించి, మాన్యువల్ చెప్పిన గాలి పెట్టి ఖాళీ రోడ్డు మీద నడిపాం. ఊపు చాలా వరకు పోయింది. పూర్తిగా పోలేదు, 45 దగ్గర వెనక నుంచి సన్నటి అదురు మిగిలింది. అంటే తప్పులో పెద్ద భాగం ముందు చక్రంలోనే ఉంది, చిన్న భాగం ఇంకెక్కడో ఉంది. చక్రం మార్చి చూసే ఈ పరీక్షకు అరగంట పడుతుంది, ఫోర్కు పూర్తిగా విప్పే పని తప్పిస్తుంది.

టైరు విప్పాక

ముందు చక్రం విప్పగానే ట్యూబు సంగతి తేలింది. ట్యూబు కొత్తదే, కానీ వాల్వు రిమ్ముకు నిటారుగా లేదు, ఒక పక్కకు వాలి ఉంది. వాల్వు మొదట్లో రబ్బరు చీలుతోంది. సబ్బు నీళ్లలో పెడితే అక్కడ సన్నటి బుడగలు. గాలి తక్కువగా ఉన్నప్పుడు డిస్క్ బ్రేకు పట్టిన ప్రతిసారీ టైరు రిమ్ము మీద కొంచెం కొంచెం జరుగుతుంది, ట్యూబును తనతో లాక్కెళ్తుంది. వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని కదలదు. ఈ బండిలో వాల్వు నట్టును రిమ్ముకు ఆనించి స్పానరుతో బిగించేశారు కాబట్టి లాగుడంతా వాల్వు మొదలు మీదే పడింది. గట్టిపడిన టైరు అంచు, తుప్పు పట్టిన రిమ్ము ఒకదాన్నొకటి సరిగా పట్టుకోకపోవడం దీనికి తోడైంది. ట్యూబు ఎన్నిసార్లు మార్చినా ఇదే జరిగేది.

ఆ నట్టును రిమ్ముకు కాకుండా పైకి, క్యాపుకు ఆనించి ఉంచాలి. అప్పుడు టైరు జరిగితే వాల్వు వాలుతుంది, వాలితే కంటికి కనిపిస్తుంది, చినిగేలోపు సరిచేయొచ్చు.

రిమ్ టేపు (స్పోకుల తలలు ట్యూబుకు తగలకుండా రిమ్ము లోపల వేసే పట్టీ) పొడై ముక్కలుగా వచ్చింది. స్పోకులను రిమ్ముకు బిగించే నిప్పిళ్ల తలలు కొన్ని ట్యూబును తాకుతున్నాయి. టేపు ఖరీదు చాయ్ బిల్లుకు మించదు, అయినా ట్యూబు మార్చిన రోజు ఎవరూ దాన్ని చూడలేదు.

వెనక టైరు: తేల్చడం కష్టమైన చోటు

ముందు టైరు మీద ఎవరితోనూ వాదన రాలేదు. వెనకది అలా కాదు. ఏడేళ్ల టైరు, మూడున్నర మి.మీ. లోతు, గాళ్లలో వెంట్రుక వాసి బీటలు. పెద్దాయన స్వయంగా వచ్చి అడిగారు: "తమ్మీ, గ్రిప్పు ఇంత మంచిగుండంగ ఆ టైరు ఎందుకు పడేయాలె? ముందుది మారుస్తున్నం గదా."

ఆయన ప్రశ్న న్యాయమైనది. టైరుకు ఇన్నేళ్లే అని రాసిపెట్టిన ఒకే ఒక్క గీత లేదు. మిషెలిన్ లాంటి తయారీదార్లు చెప్పే పద్ధతి ఏమిటంటే, వాడకం మొదలుపెట్టి ఐదేళ్లు దాటాక ఏటా తెలిసినవాళ్లతో చూపించాలి. తయారై పదేళ్లు దాటితే చూడ్డానికి బాగున్నా తీసేయాలి. ఆ లెక్కలో ముందు టైరు గీత దాటేసింది, వెనకది ఐదుకూ పదికీ మధ్యలో ఉంది. మధ్యలో ఉన్న టైరును తారీఖు ఒక్కటే చూసి పారేయకూడదు, గాడి చూసి ఉంచనూ కూడదు. లోపల చూడాలి.

చైను వైపు నుంచి చక్రం దించి టైరు విప్పి, లోపలి భాగాన్ని టార్చి వెలుగులో వేళ్లతో తడుముతూ తిరిగాం. ఒక చోట, అరచేయి వెడల్పు మేర, లోపలి పొర ముడతపడి నల్లటి పొడి రాలుతోంది. దాని కింద గుడ్డ దారాల గీతలు పైకి తేలి కనిపిస్తున్నాయి. బయట అదే చోట ఏ ఉబ్బూ లేదు. గాలి లేని టైరు మీద బండి బరువు ఏళ్ల తరబడి ఒకే మడతలో నిలిచినప్పుడు, ఆ తరువాత తక్కువ గాలితో నడిపినప్పుడు ఇలా అవుతుంది. లోడ్ ఇండెక్స్ 56 అంటే 224 కిలోల దాకా మోయాలి. ఆ బరువును మోసేది పైనున్న రబ్బరు కాదు, ఆ దారాలు, వాటి మధ్య నిలిచిన గాలి. దారం నలిగిన చోట టైరు ఎప్పుడు ఉబ్బుతుందో, ఎప్పుడు చిట్లుతుందో బయటి నుంచి చెప్పలేం.

పెద్దాయనకు మాటలతో చెప్పలేదు. ఆయన వేలినే ఆ ముడత మీద పెట్టించాం. మారు మాట్లాడకుండా మార్చమన్నారు.

లోపల శుభ్రంగా ఉండి ఉంటే? అప్పుడు 74 గట్టిదనంతో ఆ టైరును ఎండలున్నంత కాలం నడపనిచ్చి, వచ్చే వానాకాలం ముందే మార్చమనేవాళ్లం. అది మా అంచనా. ఇంకో మెకానిక్ ఇంకో ఏడాది ఇవ్వొచ్చు. దారం కనిపించాక మాత్రం రెండో అభిప్రాయానికి చోటు లేదు.

కొత్త టైరు కూడా పాతదే

ముందు టైరును కుటుంబమే బయట డిస్కౌంటులో కొనుక్కొచ్చింది. లేబులు ఉంది, సన్నటి రబ్బరు ముళ్లు ఉన్నాయి, ఒక్క కిలోమీటరు తిరగలేదు. తారీఖు 1120. అంటే 2020 మార్చి, కొనేనాటికి నాలుగేళ్ల పైన. ఒక వైపు గోడ రంగు వెలిసి, రెండో వైపు నల్లగా ఉంది. దుకాణం ముందు కొక్కేనికి వేలాడదీసిన టైర్లు ఇలాగే అవుతాయి. ఎండ తగిలిన వైపు వెలుస్తుంది, కొక్కెం మోసిన చోట అంచు వంకర తిరుగుతుంది. దీని అంచు కూడా కొంచెం లోపలికి నొక్కుకుని ఉంది.

చీకటిగా, చల్లగా ఉన్న గోదాములో సరిగా నిలబెట్టిన టైరు, బండి కింద ఉన్న టైరంత వేగంగా ముసలిదవ్వదు. కాబట్టి రెండేళ్ల పాత స్టాకు వచ్చినా, బాగా దాచినదైతే మేము వేస్తాం. ఇది అలా దాచినది కాదు. ఎక్కించకుండా వెనక్కి పంపాం. రిమ్ముకు ఎక్కించలేదు కాబట్టే దుకాణం మార్చి ఇచ్చింది; ఒకసారి లివర్ (టైరు ఎక్కించే ఇనుప పట్టీ) పడితే ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు. తారీఖును బిల్లు కట్టేముందే, దుకాణంలోనే చదవాలి. రెండోసారి వచ్చినది 2024లోనే తయారైనది.

సెకండ్ హ్యాండ్ టైర్ల గురించి ఇక్కడే ఒక మాట. అరిగిన టైరుకు వేడి బ్లేడుతో గాళ్లు మళ్లీ కోసి అమ్మేవాళ్లున్నారు. కోసిన గాడి అంచులు కత్తిలా ఉంటాయి, అడుగున టీడబ్ల్యూఐ గట్టు ఉండదు, కొన్నిసార్లు దారమే కనిపిస్తుంది. లోతు కొలిస్తే కొత్తదానిలా చూపుతుంది. బైకు టైరులో అడుగున మిగిలే రబ్బరే పలుచన, దాన్ని కోయడమంటే దారాలకు ఉన్న ఆ కాస్త కప్పు తీసేయడమే.

ఎక్కించిన తీరు

రిమ్ముల తుప్పును వైరు బ్రష్షుతో తీసి, ప్రైమరు వేసి ఆరనిచ్చాం. కొత్త రిమ్ టేపులు, కొత్త ట్యూబులు. పాత ట్యూబును కొత్త టైరులో వేయకూడదు; సాగిపోయిన ట్యూబు మడతపడుతుంది, మడత దగ్గరే చిరుగుతుంది. టైరు లోపల టాల్కం పౌడరు పలుచగా చల్లి, ట్యూబుకు ఆకారం నిలిచేంత గాలి పెట్టి కూర్చోబెట్టాం. బాణం గుర్తు తిరిగే దిశకు, టైరు మీది చుక్క వాల్వు దగ్గరకు వచ్చేలా చూశాం. ఆ చుక్క టైరులో తేలికైన చోటును చూపుతుంది, వాల్వు బరువు దానికి సరిపోతుంది.

అంచులకు సబ్బు నీళ్లు రాసి, ఎదురు వైపు అంచును రిమ్ము మధ్య గుంటలోకి తొక్కిపట్టి, లివర్‌తో ఒక్కోసారి రెండు వేళ్ల మేరే ఎక్కించాం. బలం వాడాల్సి వస్తోందంటే ఎదురు అంచు గుంటలోంచి జారిందని అర్థం. ట్యూబుకు లివర్ కాట్లు పడేది అక్కడే. గాలి నింపి, పూర్తిగా వదిలి, మళ్లీ నింపాం, ట్యూబు మడతలు విప్పుకోవడానికి. అంచు కూర్చోవడానికి 40 పీఎస్‌ఐ దాటలేదు. కూర్చోకపోతే గాలి వదిలి మళ్లీ సబ్బు రాయాలి తప్ప ఇంకా నింపకూడదు. టైరు పక్కన రిమ్ముకు సమాంతరంగా ఉండే సన్నటి గీత చుట్టూ ఒకే ఎత్తులో ఉంటేనే అంచు సరిగ్గా కూర్చున్నట్టు. తరువాత ముందు 25, వెనక ఒక్కరికి 28, ఇద్దరు ఎక్కితే 32.

మిగిలిన అదురు వెనక చక్రంలో దొరికింది. చక్రం తిప్పుతూ రిమ్ము అంచు దగ్గర సూచి పెట్టి చూస్తే పైకీ కిందకీ 3 మి.మీ. ఊగుతోంది. చాలా సర్వీసు మాన్యువళ్లలో పరిమితి 2 మి.మీ. స్పోకులు సర్ది ఒక మి.మీ. లోపలికి తెచ్చాం. ముందు చక్రాన్ని ఇరుసు మీద స్వేచ్ఛగా వదిలి, బరువు దిగే చోటికి ఎదురుగా స్పోకు బరువు కట్టాం. చైను రెండు వైపులా గుర్తులు సమానంగా బిగించాం. చక్రాలు ఎలాగూ దిగాయి కాబట్టి బేరింగులు, వెనక బ్రేకు షూలు చూశాం. షూలు గాజులా మెరుస్తుంటే గరుకు కాగితం పట్టాం.

ఫలితం

హ్యాండిల్ ఊపు పూర్తిగా పోయింది. రెండు వారాల తరువాత చల్లని టైరులో ముందు గాలి 24 చూపింది, వాల్వు నిటారుగానే ఉంది. కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పలుచగా ఉంటుంది కాబట్టి మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకు, బాగా వాల్చి మలుపు తిప్పడం వద్దని, వీలైతే వాన లేని రోజుల్లో ఆ దూరం పూర్తి చేయమని అబ్బాయికి చెప్పాం. ఆ తరువాత వాన తగ్గిన ఒక పొద్దున కాలనీ రోడ్డు మీద, తక్కువ వేగంలో, క్రమంగా పెంచుతూ ముందు బ్రేకు పరీక్షించాం. చక్రం పట్టుకునే ఆగింది.

ఈ కేసు నుంచి

బండి ఏ ఫిర్యాదుతో వచ్చినా మొదట టైరు తారీఖులు చదివి జాబ్ కార్డు మీద రాసే పద్ధతి పెట్టుకోవడం మంచిది. నిమిషం పని. దీనికి ముందు ఇక్కడ పెట్టిన ఖర్చులో ట్యూబు, ఫోర్కు ఆయిలు, కోన్‌సెట్ కూలీ మొత్తం ఆ నిమిషంతో మిగిలేవి. మీటరు తక్కువ ఉన్న బండి కొనేవాళ్లు మరింతగా చూసుకోవాలి. విదేశాలకు వెళ్లినవాళ్ల బండ్లు, ఇంట్లో పెద్దల బండ్లు, పోలీసు కేసులో నిలిచిపోయిన బండ్లు ఇలాగే మెరుస్తూ వస్తాయి.

రోజూ తిప్పని బండికి చేయవలసినది పెద్ద పనేమీ కాదు. సెంటర్ స్టాండు ఉంటే దాని మీదే నిలపాలి. నేలకు ఆనిన చక్రం కింద చెక్క ముక్క వేయాలి, ఆయిలు మరక మీద నిలపకూడదు. గాలి మాన్యువల్ చెప్పినంత ఉంచి నెలకోసారి చూడాలి, చూసినప్పుడల్లా చక్రాన్ని పావు వంతు తిప్పి వేరే చోటు నేలకు ఆనేలా పెట్టాలి. ఇంజను ఆడించడం కంటే రెండు మూడు కిలోమీటర్లు నడపడం టైరుకు మేలు, నలిగితేనే లోపలి మైనం పైకి వస్తుంది. పాలిష్ రుద్దకూడదు; రుద్దాలనిపిస్తే పక్క గోడకే, నేలను తాకే భాగానికి ఎప్పటికీ కాదు.

ఈ బండి సర్వీసు పుస్తకంలో రెండు కొత్త టైర్ల తారీఖులూ రాశాం. 2029 నుంచి ఏటా వానలకు ముందు, మే నెలలో, టైర్లు విప్పి లోపలి పొర చూడాలని పక్కనే రాసి పెట్టాం.